ఆఫీసు దాకా నడక: లెక్క ఎక్కడ తేలుతుంది, ఎక్కడ తప్పుతుంది

ఇంటికీ పనిచేసే చోటుకూ మధ్య 2 కిలోమీటర్ల దూరం ఉందనుకుందాం. మామూలు నడకకు గంటకు 5 కిలోమీటర్ల వేగం వేసుకుంటే వెళ్లడానికి 24 నిమిషాలు, తిరిగి రావడానికి మరో 24 నిమిషాలు పడుతుంది. వారానికి ఐదు పనిదినాలకు కలిపితే 240 నిమిషాలు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు మధ్యస్థాయి శారీరక శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే వేరే వ్యాయామం ఏదీ చేయకపోయినా, ఆదివారం నాడు కాలు బయటపెట్టకపోయినా, ఆ మనిషికి కావలసిన కొలత రాకపోకల్లోనే నిండిపోతుంది. దూరం ఒక్క కిలోమీటరే అయితే వారానికి 120 నిమిషాలు వస్తాయి. కొంచెం తక్కువ పడుతుంది గానీ కొట్టిపారేయదగినది కాదు.

లెక్క ఇంత తేలిగ్గా ఉన్నప్పుడు ఇందులో విప్పాల్సిన చిక్కుముడి ఏముందని అడగవచ్చు. చిక్కు ఏమిటంటే, పనికి నడిచి వెళ్లడం మంచిదన్న ఒక్క మాటలో కనీసం నాలుగు వేర్వేరు వాదనలు కలగలిసి ఉన్నాయి. శరీరానికి మంచిదని ఒకటి, మనసుకు మంచిదని రెండోది, సమయమూ డబ్బూ కలిసివస్తాయని మూడోది, ఊరికీ గాలికీ మేలని నాలుగోది. వీటన్నిటికీ ఆధారాలు సమానంగా లేవు. కొన్నింటికి గట్టి రుజువులున్నాయి, కొన్ని సగం నిజాలు, మరికొన్ని ఎవరు ఎక్కడ నడుస్తున్నారన్న దాన్ని బట్టి అటూ ఇటూ అయ్యేవి. అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్ల నడకను మెచ్చుకునేవాళ్లు అతిగా మెచ్చుకుంటున్నారు, కొట్టిపారేసేవాళ్లు అన్యాయంగా కొట్టిపారేస్తున్నారు.

నడిచేవాళ్లు ఆరోగ్యంగా ఉంటారా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నడుస్తారా

శారీరక శ్రమకూ గుండె జబ్బుకూ ఉన్న సంబంధం శాస్త్రీయంగా బయటపడింది ఒక బస్సులోనే కావడం ఈ విషయానికి తగిన ప్రారంభం. బ్రిటిష్ వైద్యుడు జెరెమీ మోరిస్, లండన్‌లోని రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూసి, ఆ ఫలితాలను 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు ఇవ్వడానికి మెట్లెక్కుతూ దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, దాదాపు ఒకే సామాజిక వర్గం, ఒకే బస్సు. అయినా కండక్టర్లలో గుండెపోట్లు తక్కువగా కనిపించాయి, వచ్చినా వెంటనే ప్రాణం తీసేవి ఇంకా తక్కువ. ఉత్తరాలు పంచుతూ తిరిగే తపాలా ఉద్యోగులను బల్ల ముందు కూర్చునే ఉద్యోగులతో పోల్చినప్పుడూ ఇదే తేడా కనిపించింది.

అయితే మోరిస్ అక్కడితో ఆగకపోవడమే ఆయన గొప్పతనం. తన వాదనకే అడ్డుపడగల ప్రశ్నను తానే వేసుకుని, సంస్థ ఉద్యోగులకు ఇచ్చే యూనిఫారాల కొలతలు తీయించారు. ఆ వివరాలు 1956లో వెలువడ్డాయి. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత కండక్టర్ల కంటే మొదటి నుంచీ, వయసులో ఉన్నప్పుడు కూడా, ఎక్కువగానే ఉందని తేలింది. అంటే కూర్చునే పని మనుషులను లావు చేసిందా, లేక కాస్త లావుగా ఉన్నవాళ్లే కూర్చునే పని ఎంచుకున్నారా అన్నది అంత తేలిగ్గా విడదీయలేని విషయమైంది. ఆ తర్వాత జరిగిన ప్రతి పరిశోధననూ ఈ ప్రశ్నే వెంటాడుతూ వచ్చింది. (మోరిస్ మాత్రం వ్యాయామం మానకుండా 99 ఏళ్లు బతికారు, అది కూడా రుజువు కాదు, ఒక్క మనిషి కథ మాత్రమే.)

పనికి నడిచి వెళ్లేవాళ్ల విషయంలో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషి, గుండె బలహీనంగా ఉన్న మనిషి నడక ఎంచుకోరు. వాళ్లంతా వాహనాల వైపు లెక్కలోకి వస్తారు. దాంతో నడిచేవాళ్ల గుంపు దానంతటదే ఆరోగ్యంగా కనిపిస్తుంది. దీన్ని సరిచేయడానికి పరిశోధకులు వయసు, ఆదాయం, పొగతాగే అలవాటు, ఆహారం, అప్పటికే ఉన్న జబ్బులు వంటివాటిని లెక్కలోకి తీసుకుంటారు. అలా తీసుకున్నాక కూడా ఏమి మిగులుతుందన్నదే అసలు విషయం.

బ్రిటన్‌లో లక్షల మంది ఆరోగ్య వివరాలను భద్రపరిచే యూకే బయోబ్యాంక్ సమాచారం ఆధారంగా గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో 2,63,450 మంది ఉద్యోగుల వివరాలున్నాయి. వాహనంలోనో ప్రజారవాణాలోనో వెళ్లేవాళ్లతో పోలిస్తే పనికి నడిచి వెళ్లేవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు వచ్చే ముప్పు 27 శాతం, వాటితో మరణించే ముప్పు 36 శాతం తక్కువగా కనిపించాయి. వార్తల్లో ఇంతవరకే వస్తుంది. అదే పరిశోధనలో వార్తకెక్కని సంగతులు రెండున్నాయి. మొదటిది, అన్ని కారణాల మరణాల్లో గానీ క్యాన్సర్‌లో గానీ నడిచేవాళ్లకు చెప్పుకోదగిన తేడా రాలేదు. సైకిల్ మీద వెళ్లేవాళ్లకు మాత్రం ఆ రెండింటిలోనూ ముప్పు బాగా తగ్గింది. రెండోది, నడక వల్ల గుండెకు కనిపించిన మేలు వారానికి 6 మైళ్లకు మించి, అంటే దాదాపు 10 కిలోమీటర్లకు మించి నడిచేవాళ్లకే పరిమితమైంది. ఐదు రోజులకు పంచి చూస్తే అది పోను ఒక కిలోమీటరు, రాను ఒక కిలోమీటరు. మొదట వేసుకున్న లెక్కలో తక్కువ పడిన ఆ ఒక్క కిలోమీటరే ఇక్కడ గీతగా నిలిచింది.

నడకకూ సైకిల్‌కూ మధ్య ఈ తేడా ఎందుకన్న దానికి ఒక సహేతుకమైన వివరణ ఉంది. సైకిల్ తొక్కేవాళ్లు సాధారణంగా ఎక్కువ దూరం, ఎక్కువ శ్రమతో వెళ్తారు. నడిచేవాళ్లలో చాలామంది దగ్గరి దూరాలను నింపాదిగా దాటుతారు. కాబట్టి నడకకు బలం లేదనడం కంటే, బలం చాలినంత మోతాదులో చాలామందికి అందడం లేదనడం సరైన మాట.

ఇవన్నీ ఇష్టపడి ఎంచుకున్న మనుషులను చూసిన అధ్యయనాలు. ఎంపికను మనిషి చేతుల్లోంచి లాగేసి చూస్తే ఏమవుతుంది? అటువంటి అరుదైన సందర్భం బీజింగ్‌లో దొరికింది. రద్దీ తగ్గించడానికి ఆ నగరం 2011లో కొత్త కార్ల అనుమతులను లాటరీ పద్ధతిలో ఇవ్వడం మొదలుపెట్టింది. ఎవరికి కారు దక్కుతుందన్నది వాళ్ల ఆరోగ్యం మీదా అలవాట్ల మీదా కాక చీటీ మీద ఆధారపడింది. ఈ లాటరీలో పాల్గొన్న 937 మందిని పరిశీలించిన అధ్యయనం 2019లో బీఎంజేలో వచ్చింది. గెలిచిన ఐదేళ్ల తర్వాత చూస్తే, కారు అనుమతి వచ్చినవాళ్లు రానివాళ్ల కంటే రోజుకు సుమారు 24 నిమిషాలు తక్కువ నడుస్తున్నారు లేదా తక్కువ సైకిల్ తొక్కుతున్నారు. యాభై దాటినవాళ్లలో బరువు 10 కిలోలకు పైగా పెరిగింది. చిన్న నమూనా కాబట్టి ఆ 10 కిలోల అంకెను పట్టుకుని వేలాడడం నాకు సబబనిపించదు. అన్ని వయసులవారినీ కలిపి చూస్తే బరువులో తేడా గణాంకపరంగా నిలవనేలేదు. కానీ 24 నిమిషాలు మాత్రం గమనించదగిన సంఖ్య. వాళ్లెవరూ వ్యాయామం మానేయాలని నిర్ణయించుకోలేదు. ఇంటి ముందుకు వాహనం వచ్చింది, నడక తనంతట తానే జారిపోయింది. అదే తర్కాన్ని తిరగేస్తే, పనికి నడిచి వెళ్లే మనిషి వ్యాయామం చేయాలని ప్రత్యేకంగా నిర్ణయించుకోకుండానే ఆ నిమిషాలను దక్కించుకుంటున్నాడన్నమాట.

ఈ మొత్తం విషయంలో ముఖ్యమైన మాట ఇదేనని నా అభిప్రాయం. పనికి నడిచి వెళ్లడంలో విలువ నడకలో ఎంత ఉందో ‘పనికి’ అన్న మాటలోనూ అంతే ఉంది. సాయంత్రం ఆరోగ్యం కోసం చేసే నడకకు ప్రతిరోజూ కొత్తగా మనసు సిద్ధం చేసుకోవాలి. ఒళ్లు అలసిందనో, చీకటి పడిందనో, ఎవరో వచ్చారనో మానేయడానికి కారణాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఉద్యోగానికి వెళ్లాలా వద్దా అన్నది మాత్రం అప్పటికే తేలిపోయిన విషయం. ఎలాగూ చేయక తప్పని పనికి నడకను ముడివేస్తే, మనోబలం మీద పడాల్సిన భారమంతా అలవాటు మీద పడుతుంది. ‘తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరకుండవు’ అని సామెత. దానిలోని ఎత్తిపొడుపును పక్కనపెడితే, తిరగడం అలవాటైన కాలును ఆపడమే కష్టమన్న సంగతి మాత్రం నిజం.

ఒంట్లో ఏం జరుగుతుంది

నడుస్తున్నప్పుడు పిక్క కండరాలు బిగుసుకుంటూ వదులవుతూ కాళ్లలోని సిరల్ని నొక్కుతాయి, ఆ ఒత్తిడికి రక్తం గుండె వైపు పైకి ఎగబాకుతుంది. పిక్కలను రెండో గుండె అనేది ఇందుకే. గంటల తరబడి కూర్చున్నప్పుడు ఈ పంపు ఆగిపోతుంది. రక్తప్రవాహం పుంజుకున్నప్పుడు నాళాల లోపలి పొర మీద పడే ఒరిపిడికి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలై నాళాలు వ్యాకోచిస్తాయి. నడక తర్వాత కొన్ని గంటల పాటు రక్తపోటు కొద్దిగా తగ్గి ఉండడం చాలామందిలో కనిపిస్తుంది.

చక్కెర విషయంలో జరిగేది ఇంకా ఆసక్తికరం. రక్తంలోని గ్లూకోజ్ కండర కణాల్లోకి వెళ్లాలంటే గ్లూట్-4 అనే రవాణా ప్రోటీన్ కణం ఉపరితలానికి రావాలి. మామూలుగా దాన్ని పైకి పిలిచేది ఇన్సులిన్. అయితే కండరం సంకోచించినప్పుడు ఇన్సులిన్ పిలుపుతో పనిలేకుండానే ఆ ప్రోటీన్ పైకి వస్తుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని శరీరానికి ఇది పక్కదారిలో తెరిచిన తలుపు లాంటిది. తిన్న తర్వాత నడిస్తే చక్కెర ఎగబాకడం తగ్గేది ఈ కారణంగానే. ఉదయం తిని బయలుదేరే మనిషికి ఆ సమయం అనుకోకుండానే కుదురుతుంది. కండరాలు ఇన్సులిన్‌కు బాగా స్పందించే ఆ స్థితి ఒకటి రెండు రోజులకు మించి నిలవదు కాబట్టి, వారంలో ఐదు రోజులకు సమంగా పరుచుకునే రాకపోకల నడక ఈ ఒక్క విషయంలో ఆదివారం నాటి సుదీర్ఘ నడక కంటే మెరుగు.

ఈ మేలంతా దక్కాలంటే అడుగు కాస్త చురుగ్గా పడాలి. పరిశోధకులు సుమారు కొలతగా నిమిషానికి 100 అడుగులను మధ్యస్థాయి శ్రమకు గుర్తుగా తీసుకుంటారు. గడియారం చూసుకుంటూ లెక్కపెట్టడం విసుగనిపిస్తే, మాట్లాడగలిగి పాట పాడలేని స్థితి సరిపోతుందన్న పాత గుర్తు ఉండనే ఉంది. ఆలస్యమవుతుందేమోనన్న తొందర ఉదయపు నడకకు సహజంగానే ఆ వేగాన్ని ఇస్తుందన్నది ఎవరూ పెద్దగా చెప్పని లాభం. నడక ఏకబిగిన కనీసం 10 నిమిషాలు సాగితేనే లెక్కలోకి వస్తుందన్న పాత నిబంధనను కూడా 2020 మార్గదర్శకాలు తీసేశాయి. బస్టాపు దాకా వేసే 6 నిమిషాల నడకా జమలో పడుతుంది.

రోజుకు 10,000 అడుగులన్న లక్ష్యం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రాకపోకల నడకను చాలామంది ఆ గజంబద్దతోనే కొలిచి నిరుత్సాహపడుతుంటారు. ఆ సంఖ్య వైద్యశాస్త్రం నుంచి పుట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటి ఏడాది, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరుకు ‘మాన్పోకేయ్’, అంటే పదివేల అడుగుల మీటరు, అని పేరు పెట్టడంతో అది జనంలో నాటుకుంది. సగటున 72 ఏళ్ల వయసున్న 16 వేల మందికి పైగా మహిళలపై అమెరికాలో జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ల కంటే 4,400 అడుగులు వేసేవాళ్లలో మరణాల ముప్పు 41 శాతం తక్కువగా ఉంది. 7,500 దాటాక అదనపు మేలు కనిపించలేదు. చిన్న వయసువారికి ఈ హద్దులు వేరుగా ఉండవచ్చు. కానీ అట్టడుగున ఉన్నవాళ్లు కొద్దిగా కదిలినా ఎక్కువ ఫలితం వస్తుందన్న ధోరణి అధ్యయనం తర్వాత అధ్యయనంలో కనిపిస్తూనే ఉంది. 2 కిలోమీటర్లు పోను రాను నడిస్తే సుమారు 5,000 అడుగులవుతాయి.

బరువు విషయంలో మాత్రం ఆశలు తగ్గించుకోవడం మంచిది. 60 కిలోల మనిషి ఈ వేగంతో అరగంట నడిస్తే, కూర్చుంటే ఎలాగూ ఖర్చయ్యేది తీసేయగా, అదనంగా ఖర్చయ్యేది దాదాపు 75 కేలరీలు. రోజుకు 48 నిమిషాలకు 120. ఏడాదికి 240 పనిదినాలకు గుణిస్తే కాగితం మీద మూడున్నర కిలోలకు పైగా కొవ్వు కరగాలి. కాగితం మీద మాత్రమే, ఎందుకంటే శరీరం ఆకలి పెంచుకుని, మిగతా సమయంలో కదలిక తగ్గించుకుని చాలావరకు సరిచేసుకుంటుంది. బ్రిటన్‌లో 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో సొంత వాహనంలో వెళ్లేవాళ్ల కంటే నడిచి, సైకిల్ తొక్కి, లేదా ప్రజారవాణాలో వెళ్లే పురుషులు సుమారు 3 కిలోలు, స్త్రీలు సుమారు 2.5 కిలోలు తక్కువ బరువున్నారు. మోరిస్ యూనిఫారాల ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది. నడక బరువు తగ్గిస్తుందనడం కంటే పెరగకుండా కొంత అడ్డుపడుతుందనడం నిజాయితీగా ఉంటుంది.

మనసు సంగతి

ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్‌లో 18 ఏళ్ల పాటు సేకరించిన దాదాపు 18,000 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి, కారు మానేసి నడకకో సైకిల్‌కో మారిన మనుషుల మానసిక స్థితి అంతకు ముందు కంటే మెరుగుపడిందని 2014లో తేల్చారు. ఒకే మనిషిని మార్పుకు ముందూ తర్వాతా పోల్చడం వల్ల దీనికి కొంత బలం ఉంది. మనిషి స్వభావం, చదువు, కుటుంబ నేపథ్యం వంటివి రెండు పరిస్థితుల్లోనూ అవే కాబట్టి వాటి ప్రభావం చాలావరకు రద్దవుతుంది.

ఇందుకు కారణాలు ఒకటి కాదు. బయటి వెలుతురు అందులో ఒకటి. ఆఫీసు గదిలో దీపాల వెలుతురు సాధారణంగా 300 నుంచి 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట అది వేలల్లో ఉంటుంది. కంటిలో మెలనాప్సిన్ అనే, కాంతికి స్పందించే పదార్థం ఉన్న కణాలు ఈ ఉదయపు వెలుతురును గ్రహించి శరీర గడియారాన్ని సరిచేస్తాయి, దాని ఫలం రాత్రి నిద్రలో తెలుస్తుంది. రెండోది, వాహనం నడిపే మనిషికి దారి పొడవునా అప్రమత్తత తప్పదు, రద్దీ తన చేతుల్లో ఉండదు. నడిచే మనిషికి ఆ రెండు బాధలూ తక్కువ. ఆఫీసు నుంచి ఇంటికి మధ్య ఉన్న ఆ ఇరవై నిమిషాల్లో పని ఆలోచనలు సద్దుమణగడానికి చోటు దొరుకుతుంది. ఇంటి నుంచే పనిచేసేవాళ్లు కొందరు పని మొదలుపెట్టే ముందూ ముగించాకా ఊరికే వీధి చుట్టి రావడం అలవాటు చేసుకున్నది బహుశా ఈ ఖాళీ కోసమే.

నడుస్తుంటే ఆలోచనలు వస్తాయన్న నమ్మకాన్ని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. కూర్చున్నప్పటి కంటే నడిచేటప్పుడు కొత్త ఉపాయాలు సగటున 60 శాతం ఎక్కువగా తట్టాయి. గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఫలితం మారలేదు, కూర్చున్నాక కూడా ఆ ఊపు కాసేపు నిలిచింది. అయితే ఒకే ఒక సరైన జవాబున్న సమస్యల విషయంలో నడక ఏ మేలూ చేయలేదు. కాబట్టి దారిలో కొత్త పథకం ఆలోచించుకోవచ్చు గానీ జమాఖర్చులు సరిచూడడానికి కుర్చీయే మేలు.

సమయం పోతుందా

నడకకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం సమయం. ఇక్కడ లెక్కలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. 24 నిమిషాల నడకను పూర్తిగా ఖర్చు కింద రాస్తారు. నిజానికి చూడాల్సింది తేడాను. వాహనంలో 8 నిమిషాలు, బండి తీసి పెట్టడానికి మరో 5 నిమిషాలు పడితే నడక వల్ల అదనంగా పోయేది 11 నిమిషాలే. ఆ 11 నిమిషాలకు బదులుగా 24 నిమిషాల వ్యాయామం చేతికొస్తోంది. వేరుగా వ్యాయామశాలకు వెళ్లే మనిషికైతే వెళ్లిరావడానికీ బట్టలు మార్చుకోవడానికీ పట్టే సమయం కూడా మిగులుతుంది. దీనికి తోడు నడక సమయం నిలకడైనది. రద్దీ ఉన్నా లేకపోయినా 24 నిమిషాలు 24 నిమిషాలే, ఎక్కడో అరగంట ఇరుక్కుపోతామేమోనన్న భయంతో ముందే బయలుదేరాల్సిన పని లేదు.

అయితే ఈ లెక్క దూరంతో పాటు వేగంగా చెడిపోతుంది. 5 కిలోమీటర్ల దూరానికి పోను ఒక గంట, రాను ఒక గంట అవుతుంది. అంత సమయం పిల్లల బాధ్యతలున్నవాళ్లు గానీ రెండు ఉద్యోగాలు చేసేవాళ్లు గానీ ఇవ్వలేరు. మనుషులు రోజు మొత్తం మీద ప్రయాణానికి సగటున సుమారు ఒక గంట కేటాయిస్తారని, వాహనాల వేగం పెరిగితే సమయం మిగుల్చుకోకుండా ఇంకా దూరంగా వెళ్లి నివసిస్తారని ఇటాలియన్ భౌతిక శాస్త్రవేత్త చెజారె మార్కెట్టి 1994లో వాదించారు. ఆ ఆలోచన అంతకు ముందు యాకోవ్ జహావీ అనే రవాణా విశ్లేషకుడిది. గంటకు 5 కిలోమీటర్ల నడకతో వెళ్లిరావడానికి ఒక గంటే ఉంటే, నడి ఊరి నుంచి చేరగలిగే దూరం రెండున్నర కిలోమీటర్లు. ప్రాచీన నగరాలు దాదాపు ఆ పరిధిలోనే ఉండేవని మార్కెట్టి చూపించారు. వాహనాలు వచ్చాక ఊళ్లు పరుచుకున్నాయి, నడిచే దూరంలో ఉద్యోగం ఉండడం చాలామందికి అదృష్టంగా మారిపోయింది.

డబ్బు విషయం త్వరగా ముగించవచ్చు. దగ్గరి దూరాలకు మిగిలే ఇంధనం స్వల్పమే. అసలు పొదుపు ఇంట్లో రెండో వాహనం కొనాల్సిన అవసరం తప్పినప్పుడు వస్తుంది.

గాలి, వేడి, వాహనాలు

నడిచేటప్పుడు ఊపిరి వేగం పెరుగుతుంది, దాంతో పీల్చే కాలుష్యమూ పెరుగుతుంది. అటువంటప్పుడు రద్దీ రోడ్డు పక్కన నడవడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ కాదా అన్నది న్యాయమైన సందేహం. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో వేసిన అంచనా ప్రకారం సూక్ష్మ ధూళి కణాలు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములున్న చోట కూడా కీడు మేలును మించాలంటే రోజుకు 10 గంటలకు పైగా నడవాలి. సైకిల్‌కైతే గంటన్నర చాలు. ఇది దీర్ఘకాలపు మరణాల ముప్పు మీద, సగటు మనిషిని ఊహించి కట్టిన నమూనా మాత్రమే. ఆస్తమా ఉన్నవాళ్లకో గర్భిణులకో దీన్ని యథాతథంగా అన్వయించకూడదు.

లండన్‌లోనే జరిగి 2018లో లాన్సెట్‌లో వచ్చిన మరో ప్రయోగం ఈ జాగ్రత్తను బలపరుస్తుంది. అరవై దాటినవాళ్లను, వారిలో ఊపిరితిత్తుల, గుండె జబ్బులున్నవాళ్లను కూడా, ఒకసారి హైడ్ పార్కులో, మరోసారి డీజిల్ వాహనాలు తిరిగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో రెండేసి గంటలు నడిపించారు. పార్కులో నడిచినప్పుడు ఊపిరితిత్తుల పనితీరూ రక్తనాళాల మెత్తదనమూ మెరుగుపడ్డాయి. వీధిలో నడిచినప్పుడు ఆ మేలు చాలావరకు కనిపించలేదు. నడక అదే, నడిచిన మనుషులూ వాళ్లే. ప్రధాన రహదారి నుంచి కొద్ది దూరం పక్కకు జరిగినా పొగ సాంద్రత బాగా తగ్గుతుంది కాబట్టి, ఐదు నిమిషాలు చుట్టు తిరిగినా సందుల్లోంచి వెళ్లడం తెలివైన పని. కారు అద్దాలు ఎత్తుకున్నంత మాత్రాన ఆ గాలి తప్పదు. ముందు వాహనం వదిలిన పొగే లోపలికీ వస్తుంది.

ఎండ మరో సంగతి. వేడితో పాటు తేమ కూడా ఎక్కువైనప్పుడు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అలాంటి నెలల్లో ఉదయం నడిచి మధ్యాహ్నమో సాయంత్రమో వాహనంలో రావడం ఓటమి కాదు. ఒకవైపు నడకకు సగం మేలు ఉంటుంది, సున్నా కాదు.

వాహనాల ప్రమాదం వీటన్నిటికంటే పెద్దది. ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో ఐదింట ఒక వంతుకు పైగా పాదచారులు. ఢీకొన్నప్పుడు మనిషి ఒంటి మీద పడే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 30 కిలోమీటర్ల వేగం 60 అయితే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు. పాదచారులూ వాహనాలూ కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 కిలోమీటర్లకు మించకూడదని 2020 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది ఇందుకే. కాలిబాట లేని రోడ్డు మీద నడవమని సలహా ఇవ్వడం, ఈత రానివాణ్ణి ఈత ఆరోగ్యానికి మంచిదని నీళ్లలోకి తోసినట్టు ఉంటుంది.

ఇక్కడే మరో సంగతి కూడా చెప్పాలి. రోజంతా నిలబడి, బరువులెత్తి పనిచేసే మనుషులకు ఆ శ్రమ వల్ల గుండెకు మేలు జరగడం లేదని, కొన్ని అధ్యయనాల్లో కీడు కూడా కనిపించిందని డెన్మార్క్ పరిశోధకులు కొన్నేళ్లుగా చెబుతున్నారు. విశ్రాంతి లేకుండా గంటల తరబడి సాగే శ్రమకూ, కొద్దిసేపు చురుగ్గా సాగి ఆగిపోయే శ్రమకూ శరీరం ఒకేలా స్పందించదు. కాబట్టి పనికి నడిచి వెళ్లమన్న సలహా ప్రధానంగా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల కోసమే. పన్నెండు గంటలు కాళ్ల మీద నిలబడిన మనిషికి ఇంటికి వెళ్లేటప్పుడు కావలసింది సీటు.

దూరాన్ని నిర్ణయించేది ఎవరు

నడక ఊరికి చేసే మేలును లెక్కగట్టేటప్పుడు కిలోమీటరుకు ఎంత పొగ తగ్గిందన్న సగటు లెక్క తప్పుదారి పట్టిస్తుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసిన బండి మొదటి ఒకటి రెండు కిలోమీటర్లకు, ఇంజను ఇంకా వేడెక్కనందువల్ల, మామూలు కంటే ఎక్కువ ఇంధనం తాగుతుంది. పొగలోని విషవాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దాదాపు 300 డిగ్రీలకు చేరితే గానీ పూర్తిగా పనిచేయదు. అందువల్ల ఒక్కో కిలోమీటరు లెక్కన చూస్తే అన్నిటికంటే మురికిగా సాగే ప్రయాణాలు సరిగ్గా నడక భర్తీ చేయగలిగిన ఈ చిన్న ప్రయాణాలే. అయితే దేశం మొత్తం ఉద్గారాల్లో పెద్ద వాటా దూరప్రయాణాలది కాబట్టి, నడకతోనే వాతావరణ సమస్య తీరుతుందనుకోవడం అత్యాశ.

ఇల్లు 12 కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లకు ఇదంతా పనికిరాని మాటేనా? కాదు. బ్రిటన్ బరువుల అధ్యయనంలో ప్రజారవాణాలో వెళ్లేవాళ్లు కూడా నడిచేవాళ్ల పక్కనే నిలిచారన్నది గుర్తుంచుకోవాలి. బస్సో రైలో ఇంటి గుమ్మంలోకి రావు; ఎక్కడానికీ దిగాకా నడవాల్సిందే. అమెరికాలో 2005లో వచ్చిన ఒక విశ్లేషణలో, ప్రజారవాణా వాడేవాళ్లలో సగం మంది ఆ రాకపోకల కోసమే రోజుకు 19 నిమిషాలో అంతకంటే ఎక్కువో నడుస్తున్నారని తేలింది. ఒక స్టాపు ముందే దిగితే ఆ నిమిషాలు ఇంకొన్ని పెరుగుతాయి.

మనిషి ఇష్టాయిష్టాలకూ దారికీ ఉన్న సంబంధాన్ని బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో ప్రత్యేకంగా గమనించారు. అక్కడ 2011లో ఒక ప్రత్యేక బస్సు మార్గం ప్రారంభమైంది. దాని పక్కనే పాదచారులకూ సైకిళ్లకూ వాహనాలు రాని బాట ఒకటి వేశారు. పరిశోధకులు ఆ ప్రాంతపు ఉద్యోగుల రాకపోకలను మార్గం రాకముందూ వచ్చాకా పోల్చినప్పుడు, ఆ మార్గానికి దగ్గరగా ఇళ్లున్నవాళ్లలో సైకిల్ మీద పనికి వెళ్లే సమయం పెరిగే అవకాశం ఎక్కువగా కనిపించింది. వాళ్లకు వ్యాయామ లాభాలపై ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వలేదు, పోటీలు పెట్టలేదు. బీజింగ్‌లో కారు వచ్చి నడకను తీసుకుపోయినట్టే ఇక్కడ బాట వచ్చి శరీరానికి కదలికను తెచ్చిపెట్టింది.